కీహోల్ హెర్నియా ఆపరేషన్‌కు ఒక్క యాంటీబయాటిక్ ఇంజెక్షన్ సరిపోతుందా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. విశాఖ గాజువాకలో ఉండే మీ నాన్నగారికి 58 ఏళ్లు, షుగర్ ఉంది, రెండు గజ్జల్లోనూ హెర్నియా. వచ్చే వారం ల్యాప్రోస్కోపీలో, అంటే కీహోల్ పద్ధతిలో, మెష్ (జాలీ) వేస్తున్నారు. సర్జన్‌గారు "మత్తిచ్చేటప్పుడు ఒక్క యాంటీబయాటిక్ ఇంజెక్షన్ చేస్తాం, తర్వాత ఏమీ అక్కర్లేదు" అన్నారు. పక్కింటాయనకేమో ఇదే ఆపరేషన్‌కు మూడు రోజులు ఇంజెక్షన్లు, ఇంటికెళ్లాక వారం మాత్రలు ఇచ్చారు. లోపల జాలీ పెడుతున్నారు కదా, చీము పడితే ఎలా, మనమే అడిగి మాత్రలు రాయించుకోవాలా అన్నది మీ అనుమానం.

రాయించుకోవద్దు. మీ సర్జన్ చెప్పిందే సరైన పద్ధతి. చాలామందికి ఆ ఒక్క ఇంజెక్షన్ అవసరం కూడా గట్టిగా రుజువు కాలేదు. హెర్నియాసర్జ్ పేరుతో వివిధ దేశాల హెర్నియా సర్జన్లు కలిసి 2018లో తెచ్చిన మార్గదర్శకాల్లో, గజ్జల హెర్నియాను ల్యాప్రోస్కోపీలో చేస్తే ముందుజాగ్రత్త యాంటీబయాటిక్‌ను సిఫార్సు చేయలేదు. కోసి చేసే ఆపరేషన్‌లో కూడా, ఆ ఆసుపత్రిలో గాయాలకు ఇన్‌ఫెక్షన్ 5 శాతం కన్నా తక్కువగా ఉండి, రోగికి ప్రత్యేకమైన రిస్క్ లేకపోతే ఇవ్వనక్కర్లేదన్నారు. అమెరికాలో ఫార్మసిస్టులు, సర్జన్లు, ఇన్‌ఫెక్షన్ నిపుణులు కలిసి 2013లో ఇచ్చిన పట్టికలో మాత్రం హెర్నియాకు సెఫాజోలిన్ అనే యాంటీబయాటిక్ ఒక్క డోసు ఉంది. అంటే సున్నా డోసులకూ ఆధారం ఉంది, ఒక్క డోసుకూ ఆధారం ఉంది. ఆపరేషన్ అయ్యాక వారం మాత్రలకు మాత్రం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో చెప్పిన మాట కూడా ఇదే: ఆపరేషన్ ముగిశాక ముందుజాగ్రత్త యాంటీబయాటిక్‌ను కొనసాగించవద్దు. 2017లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ఇంకో అడుగు వేసి, శుభ్రమైన ఆపరేషన్‌లో డ్రెయిన్ (ద్రవం బయటికి తీసే గొట్టం) పెట్టినా సరే, కుట్లు వేశాక ఇంకో డోసు వద్దంది.

ల్యాప్రోస్కోపీలో ఇన్‌ఫెక్షన్ ఎందుకు తక్కువో తెలిస్తే మీ భయం సగం తగ్గుతుంది. కోసి చేసే ఆపరేషన్‌లో గజ్జ దగ్గర ఐదారు సెంటీమీటర్ల కోత పెడతారు, మెష్ సరిగ్గా ఆ కోత కిందే ఉంటుంది. పైన చర్మం కుట్ల దగ్గర చిన్న చీము పట్టినా కిందికి దిగడానికి దారి ఉంటుంది. ల్యాప్రోస్కోపీలో బొడ్డు దగ్గర ఒక 10 మిల్లీమీటర్ల పోర్ట్ (కెమెరా, పనిముట్లు వెళ్లే గొట్టం), ఇంకో రెండు 5 మిల్లీమీటర్ల పోర్టులు పెడతారు. 15 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పున్న మెష్‌ను చుట్టగా చుట్టి పెద్ద పోర్ట్‌లోంచి లోపలికి పంపి, పొట్ట కండరాల వెనక, పొట్ట లోపలి గోడకు అంటుకుని ఉండే పెరిటోనియం పొరకు ముందు పరుస్తారు. చర్మపు గాయానికీ మెష్‌కూ మధ్య చాలా దూరం ఉంటుంది. అందుకే ఈ పద్ధతిలో మెష్ ఇన్‌ఫెక్షన్ ఒక శాతానికి లోపే ఉంటుంది. ల్యాప్రోస్కోపీలో ఉన్న రెండు పద్ధతులు, టీఈపీ అన్నా, టీఏపీపీ అన్నా ఈ విషయంలో తేడా లేదు.

ఇక ఇంజెక్షన్ సంగతి. మీ సర్జన్ ఎంచుకున్న మందు సెఫాజోలిన్ అయితే మంచి ఎంపిక. గాయాల్లో ఎక్కువగా దూరేది చర్మం మీద ఉండే స్టెఫైలోకాకస్. దాని మీద సెఫాజోలిన్ బాగా పనిచేస్తుంది. పెద్దలకు డోసు 2 గ్రాములు, 120 కిలోలు దాటితే 3 గ్రాములు. మన దగ్గర ఇంకా 1 గ్రాముతో సరిపెట్టేవాళ్లున్నారు, అది తక్కువ. ఒక గ్రాము వయల్‌కు 10 మిల్లీలీటర్ల స్టెరైల్ వాటర్ చొప్పున కలిపి, మూడు నుంచి ఐదు నిమిషాలు నెమ్మదిగా నరంలోకి ఇస్తారు. సెఫాజోలిన్ దొరకకపోతే సెఫురాక్సిమ్ 1.5 గ్రాములు ఇవ్వొచ్చు.

మందు కన్నా ముఖ్యమైనది వేళ. కత్తి పెట్టే సమయానికి చర్మంలో, కొవ్వులో, కండరంలో మందు నిండుగా ఉండాలి. అందుకే కోతకు ముందు 60 నిమిషాల లోపు ఇవ్వాలి. మన ఆసుపత్రుల్లో తప్పు జరిగేది ఎక్కువగా ఇక్కడే. వార్డులో సిస్టర్ ఉదయం ఆరింటికి ఇంజెక్షన్ చేసి కేస్ షీట్‌లో టిక్కు పెట్టేస్తారు. లిస్టులో ముందున్న కేసు ఆలస్యమై, మీ కేసు పదకొండింటికి మొదలవుతుంది. సెఫాజోలిన్ రక్తంలో సగానికి పడిపోవడానికి రెండు గంటలు కూడా పట్టదు. ఐదు గంటల తర్వాత మిగిలేది నామమాత్రం. కాగితం మీద ఇంజెక్షన్ ఇచ్చినట్టే ఉంటుంది, కోత దగ్గర మందు ఉండదు. కాబట్టి ఇది వార్డులో ఇవ్వకూడదు. ఓటీ టేబుల్ మీద, మత్తు డాక్టర్ చేతుల మీదుగా ఇచ్చి, ఇచ్చిన టైము అనస్తీషియా చార్టులో రాయాలి. ఆపరేషన్ నాలుగు గంటలు దాటితేనే ఇంకో డోసు. రెండు వైపులా చేసినా అనుభవమున్న సర్జన్‌కు రెండు గంటలు దాటడం అరుదు, రక్తం పోవడం కూడా చాలా తక్కువ. అందుకే ఒక్క డోసు చాలు.

సెఫ్ట్రియాక్సోన్, సెఫోపెరజోన్-సల్బాక్టమ్ లాంటివి "ఇంకా బలమైన మందులు" అని చాలామంది అనుకుంటారు. ఈ పనికి అవి బలమైనవి కావు. స్టెఫైలోకాకస్ మీద సెఫ్ట్రియాక్సోన్ సెఫాజోలిన్ కన్నా బలహీనం. పైగా పేగుల్లో ఉండే ఈ.కోలై, క్లెబ్సియెల్లా లాంటి సూక్ష్మజీవులను మందులకు లొంగకుండా మొండిగా మార్చడంలో ఈ మందుల (మూడో తరం సెఫలోస్పోరిన్ల) పాత్ర పెద్దది. వీటిని కేంద్రం 2013లో షెడ్యూల్ హెచ్1లో, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందుల కట్టుదిట్టమైన జాబితాలో, చేర్చింది అందుకే. రేపు మీ నాన్నగారికి నిజంగా మూత్రంలోనో ఊపిరితిత్తుల్లోనో ఇన్‌ఫెక్షన్ వస్తే, ఈ మందు పనిచేసే అవకాశాన్ని ఇవాళ అవసరం లేకుండా ఖర్చు చేసినట్టవుతుంది.

పెన్సిలిన్ పడదని గతంలో ఎవరైనా చెప్పి ఉంటే, ఏ మందు వేసుకుంటే ఏమైందో రాసి తీసుకెళ్లండి. "ఏదో మాత్ర పడలేదు" అంటే మత్తు డాక్టర్ చేయగలిగింది తక్కువ. ఒంటి మీద దద్దుర్లా, ముఖం ఉబ్బిందా, ఊపిరాడలేదా, బీపీ పడిపోయి పడిపోయారా అన్నది తెలియాలి. సెఫాజోలిన్ నిర్మాణం పెన్సిలిన్‌కు దూరంగా ఉంటుంది కాబట్టి చాలామందికి ఇబ్బంది రాదు. తీవ్రమైన రియాక్షన్ వచ్చినవారికి మాత్రం క్లిండమైసిన్ 900 మిల్లీగ్రాములు ఇస్తారు. ఎంఆర్‌ఎస్‌ఏ (మామూలు మందులకు లొంగని స్టెఫైలోకాకస్) ఉందని ముందే తెలిసినవారికి వాంకోమైసిన్, కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున, కనీసం గంటసేపు ఎక్కించాలి. తొందరపడి ఎక్కిస్తే ఒళ్లంతా ఎర్రబడి బీపీ పడిపోతుంది. ఇక చర్మం కింద 0.1 మిల్లీలీటరు పొడిచి చూసే "టెస్ట్ డోస్" మీద ఎక్కువ నమ్మకం పెట్టుకోవద్దు. అందులో ఏమీ రాకపోయినా అసలు డోసుకు రియాక్షన్ రావచ్చు. పాత సంగతులు వివరంగా అడగడం దానికన్నా పనికొస్తుంది.

మీ నాన్నగారికి షుగర్ ఉంది కాబట్టి ఆ ఒక్క డోసు ఇవ్వడం సబబే అని నా అభిప్రాయం. కానీ షుగర్ ఉందని ఐదు రోజులు పొడిగించడం సబబు కాదు. ఆపరేషన్ రోజూ, మర్నాడూ రక్తంలో చక్కెర 200 లోపు ఉంచడం అన్ని మాత్రలకన్నా ఎక్కువ కాపాడుతుంది. పరగడుపున ఉండాలని ఉదయం షుగర్ మాత్ర మానేయమంటారు, సాయంత్రం అన్నం పెట్టేసరికి మళ్లీ వేయడం ఎవరికీ గుర్తుండదు. ఆ రాత్రి చక్కెర 300 దాటుతుంది. మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి. సిగరెట్, చుట్ట అలవాటు ఉంటే నాలుగు వారాల ముందే ఆపాలి. ఇప్పుడు వారమే ఉంది, అయినా ఇవాళే ఆపించండి.

ఇంట్లో చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి, వీటిని ఎవరూ విడమరచి చెప్పరు. కెమెరా పోర్ట్ బొడ్డు అంచునే పెడతారు. బొడ్డు మడతల్లో ఏళ్ల తరబడి పేరుకున్న మురికి నల్లగా గట్టిపడి ఉంటుంది, ఓటీలో రెండు నిమిషాల్లో అది పోదు. రెండు రోజుల ముందు నుంచి రాత్రిపూట నాలుగు చుక్కల కొబ్బరినూనె వేసి నానబెట్టి, ఉదయం దూది పుల్లతో మెల్లగా తీసి, సబ్బుతో కడిగి పొడిగా తుడవండి. గీకి పుండు చేయొద్దు. ముందు రోజు రాత్రి, ఆపరేషన్ రోజు ఉదయం సబ్బుతో తలస్నానం చేయించండి. మొలతాడు తీసేయండి. సెంటిమెంట్ అనిపిస్తే ఇంటికొచ్చాక కొత్తది కట్టుకోవచ్చు. చెమట, నూనె పీల్చిన పాత తాడు సరిగ్గా కోతల మధ్య ఉండటం మంచిది కాదు. ఇంటి దగ్గర గానీ వార్డులో గానీ బ్లేడుతో షేవింగ్ చేయించవద్దు. బ్లేడు వేసే సన్నని గాట్లలో రాత్రికి రాత్రే సూక్ష్మజీవులు పెరుగుతాయి. వెంట్రుకలు అడ్డమైతే ఓటీకి వెళ్లే ముందు క్లిప్పర్‌తో కత్తిరిస్తారు.

విశాఖ గాలిలో తేమకు గజ్జల్లో తామర చాలా మామూలు. స్టీల్ ప్లాంటులోనో, ఓడరేవులోనో చెమటోడ్చి పనిచేసేవారికి మరీ. చాలామంది సిగ్గుపడి చెప్పరు, మెడికల్ షాపులో స్టెరాయిడ్ కలిసిన క్రీమ్ కొని రాస్తారు, అది పైకి మానినట్టు కనిపించి ఇంకా పాకుతుంది. గజ్జల్లో తామర గానీ, పొట్ట మీద సెగగడ్డ గానీ, కాలి మీద చీముపుండు గానీ ఉంటే ఇవాళే సర్జన్‌కు చూపించండి. హెర్నియా నొప్పి లేకుండా, పడుకుంటే లోపలికి వెళ్లిపోతూ ఉంటే, రెండు మూడు వారాలు వాయిదా వేసి చర్మం నయం చేసుకోవడమే మేలు. చర్మం మీద చీము ఉండగా మెష్ పెట్టి, దానికి తోడు యాంటీబయాటిక్ ఇవ్వడం ముందుజాగ్రత్త అనిపించుకోదు.

ఇప్పుడు నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పాలనుకున్నది. ల్యాప్రోస్కోపీ తర్వాత మన దేశంలో రోగుల్ని నెలల తరబడి వేధించే ఇన్‌ఫెక్షన్ ఒకటుంది, దాన్ని సెఫాజోలిన్ గానీ, సెఫ్ట్రియాక్సోన్ గానీ, వారం రోజుల మాత్రలు గానీ ఆపలేవు. అది క్షయ క్రిమి జాతికే చెందినా క్షయ తేని మైకోబ్యాక్టీరియా, ముఖ్యంగా కిలోనే, ఫార్చుయిటమ్, యాబ్సెసస్ అనే రకాలు. ఇవి నీళ్లలో, కుళాయి గొట్టాల్లో బతుకుతాయి. ల్యాప్రోస్కోపీ పనిముట్లు పొడవాటి సన్నని గొట్టాలు. పిడి, పై తొడుగు, లోపలి కడ్డీ వేరుచేసి, బ్రష్‌తో లోపల తోమకపోతే రక్తం, కణజాలం అక్కడే ఎండిపోతాయి. ఒక్క సెట్టుతో రోజుకు నాలుగైదు కేసులు చేసేచోట, కేసుకూ కేసుకూ మధ్య గ్లూటరాల్డిహైడ్ 2 శాతం ద్రావణంలో 20 నిమిషాలు ముంచి తీస్తారు. ఆ 20 నిమిషాలు చాలావరకు క్రిములను తగ్గిస్తాయి, అంతేగాని పూర్తిగా స్టెరైల్ చేయవు. ఆ ద్రావణంతోనే పూర్తిగా స్టెరైల్ కావాలంటే 10 గంటలు ఉంచాలి. ద్రావణం గడువు దాటినా, రోజుల తరబడి నీళ్లు కలిసి పలుచబడినా అదీ పనిచేయదు. ఆపైన పనిముట్లను కుళాయి నీటితోనో, కాచి చల్లార్చిన నీటితోనో కడిగితే, పోయిన క్రిమిని మళ్లీ తెచ్చి పెట్టినట్టే. కడగడానికి స్టెరైల్ నీళ్లే వాడాలి. ఆటోక్లేవ్ (ఒత్తిడిలో వేడి ఆవిరి) తట్టుకునేవి ఆటోక్లేవ్‌లో, తట్టుకోనివి ఈటీఓ (ఇథిలీన్ ఆక్సైడ్ వాయువు) యంత్రంలోనో, ప్లాస్మా యంత్రంలోనో పెట్టాలి.

అందుకే ఆపరేషన్‌కు ముందు సర్జన్‌ను అడగాల్సిన ప్రశ్న "ఎన్ని రోజుల మాత్రలు" కాదు, "పనిముట్లు ఎలా స్టెరైల్ చేస్తారు, మా కేసు లిస్టులో ఎన్నోది" అని. మర్యాదగా అడిగితే జాగ్రత్తగా చేసేవాళ్లు సంతోషంగానే చెబుతారు. మెష్ కొత్త ప్యాకెట్ అయి ఉండాలి. ప్యాకెట్ మీది లాట్ నంబరు స్టిక్కరు కేస్ షీట్‌లో అతికిస్తారు, ఒకటి మీకూ ఇమ్మని అడగండి. పెద్ద మెష్ కోసి, మిగిలిన ముక్కను మళ్లీ స్టెరైల్ చేసి ఇంకొకరికి వాడటం ఖర్చు తగ్గించే పద్ధతిగా కనిపించొచ్చు, ఒప్పుకోవద్దు.

ఇది చదివే జూనియర్ డాక్టర్ల కోసం ఒక మాట. లోపల జాగా పూర్తిగా సిద్ధమయ్యాకే మెష్ ప్యాకెట్ తెరవండి. తెరిచే ముందు గ్లవ్స్ మార్చండి. మెష్ రోగి చర్మానికి తగలకుండా ట్రోకార్ లోంచే పంపండి. క్లోర్‌హెక్సిడిన్-ఆల్కహాల్ పూశాక మూడు నిమిషాలు ఆరనివ్వండి, తుడిచేయవద్దు. ఒంటి వేడి 36 డిగ్రీలకు తగ్గకుండా చూడండి. మొదలుపెట్టేటప్పుడు యాంటీబయాటిక్ ఇవ్వకుండా ఉండి, మధ్యలో ఓపెన్‌కు మారాల్సి వస్తే అప్పుడే డోసు ఇవ్వండి. పొట్ట మీది హెర్నియాకు, పాత కోత దగ్గర వచ్చిన హెర్నియాకు పొట్టలోపల కాంపోజిట్ మెష్ పెట్టేటప్పుడు లెక్క వేరు. అక్కడ అతుకులు విడదీయాలి, పేగుకు గాయమయ్యే రిస్క్ ఉంది, మెష్ పెద్దది. అక్కడ ఒక డోసు మానవద్దు. పీటీఎఫ్ఈ లాంటి మెష్‌లో రంధ్రాలు 10 మైక్రాన్ల కన్నా సన్నం. ఒక మైక్రాన్ ఉండే బ్యాక్టీరియా అందులో దూరుతుంది, దాన్ని తినే మన మాక్రోఫేజ్ కణం దూరలేదు. అందుకే ఒకసారి చీము పడితే ఆ మెష్ తీసేయాల్సిందే, పెద్ద రంధ్రాల పాలీప్రొపిలీన్‌ను కొన్నిసార్లు కాపాడుకోవచ్చు. చిన్నపిల్లలకు మెష్ లేకుండా చేసే హెర్నియాకు యాంటీబయాటిక్ అక్కర్లేదు. పేగు చిక్కుకుని నల్లబడిన కేసులో ఇచ్చేది ముందుజాగ్రత్త కాదు, అది వైద్యం. దాని మందులు, రోజులు వేరు.

"ఒక వారం వేస్తే పోయేదేముంది" అన్నవారికి నా జవాబు విరేచనాలు, రియాక్షన్లు, మొండి క్రిములు మాత్రమే కాదు. ల్యాప్రోస్కోపీలో అరుదుగా పేగుకు తెలియని చిల్లు పడుతుంది. రెండో రోజో మూడో రోజో కడుపునొప్పి పెరగడం, పొట్ట ఉబ్బడం, నాడి 100 దాటడం, జ్వరం మొదలవుతాయి. యాంటీబయాటిక్, నొప్పి మాత్రలు కలిసి నడుస్తుంటే జ్వరం అణిగి ఉంటుంది, ఇంట్లోవాళ్లు "మాత్రలు వేస్తున్నాం కదా, తగ్గుతుంది" అని ఇంకో రోజు ఆగుతారు. ఆ ఒక్క రోజు ఆలస్యం ప్రాణం మీదికి తెస్తుంది.

ఇంటికొచ్చాక ఏది మామూలో, ఏది కాదో తెలుసుకోండి. మొదటి రోజు భుజం నొప్పి గ్యాస్ వల్ల, పోతుంది. వృషణాల సంచి నీలంగా కమిలి కనిపించడం కూడా మామూలే. వారం పది రోజులకు హెర్నియా ఉన్నచోటే మళ్లీ మెత్తగా ఉబ్బొచ్చు. వేడి లేదు, ఎరుపు లేదు, నొప్పి లేదంటే అది సీరోమా, ఖాళీ అయిన చోట ఊరిన నీరు. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో దానంతటదే ఇంకిపోతుంది. దీన్ని చీము అనుకుని సూది గుచ్చి లాగించవద్దు, యాంటీబయాటిక్ వేయొద్దు. శుభ్రంగా ఉన్న నీటిలోకి, దాని పక్కనే ఉన్న మెష్ మీదికి క్రిమిని పంపేది ఆ సూదే. కుట్ల మీద పసుపు, పౌడరు ఏవీ వేయకండి.

మూడో రోజు తర్వాత 100.4 దాటిన జ్వరం, పోర్ట్ దగ్గర రోజురోజుకూ పెరిగే ఎరుపు, చీము కనిపిస్తే వెంటనే ఆపరేషన్ చేసిన సర్జన్ దగ్గరికే వెళ్లండి. మెడికల్ షాపులో మాత్ర కొనకండి. ముందు చీమును కల్చర్‌కు (క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షకు) పంపి, కుట్టు విప్పి బయటికి పోనిచ్చి, ఆ తర్వాతే మందు.

అసలు జాగ్రత్తగా చూడాల్సింది ఆపరేషన్ అయిన మూడో వారం నుంచి రెండో నెల దాకా. అప్పటికి కుట్లు మానిపోయి, అందరూ మర్చిపోయి ఉంటారు. బొడ్డు దగ్గర మచ్చ కింద గట్టిగా చిన్న గడ్డలా తగిలి, తర్వాత ఊదారంగులోకి మారి, చిన్న రంధ్రం పడి పలుచని నీరు కారుతుంటే, జ్వరం లేకపోయినా, నొప్పి లేకపోయినా, మామూలు యాంటీబయాటిక్ రెండు కోర్సులు వాడినా తగ్గకపోతే, మైకోబ్యాక్టీరియా అని అనుమానించాలి. అప్పుడు దూదితో అద్దిన శాంపిల్ చాలదు. గడ్డలోంచి ముక్క తీసి, ఏఎఫ్‌బీ స్టెయిన్ (మైకోబ్యాక్టీరియాను చూపే రంగు పరీక్ష), మైకోబ్యాక్టీరియల్ కల్చర్ రెండూ కావాలని ల్యాబ్‌కు కాగితం మీద రాసి పంపాలి. చెప్పకపోతే మామూలు కల్చర్ చేసి రెండు రోజుల్లో "ఏమీ పెరగలేదు" అని ఇస్తారు. ఏఎఫ్‌బీ పాజిటివ్ రాగానే క్షయ మందులు మొదలుపెట్టడం కూడా తప్పే, ఈ రకాలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్‌లకు లొంగవు. ఏ రకమో తేల్చి, ఏ మందుకు లొంగుతుందో (సెన్సిటివిటీ) చూసి, క్లారిత్రోమైసిన్‌కు తోడు ఇంకో మందుతో కొన్ని నెలలు వాడాలి, ఒక్కోసారి ఆ గడ్డ కోసి తీసేయాలి. కాబట్టి డిశ్చార్జ్ సమ్మరీ, మెష్ స్టిక్కరు కనీసం ఏడాది పాటు పారేయకుండా దాచండి. మొదటి చెకప్ వారానికి ఉంటుంది, దానితో పాటు ఆరో వారానికి కూడా ఒక తేదీ ఇప్పుడే అడిగి రాయించుకోండి.